చేతులు మారిన పొయ్యి

తెనాలిలో ఒక పెసరట్ల హోటలు చేతులు మారినది. ఏ పత్రికలోను ఈ వార్త రాలేదు. గుమ్మముపైని బోర్డు మారలేదు, గోడల సున్నము మారలేదు, లోపలి బల్లలు మారలేదు. అయినను ఒక్క పూటలో మారీసుపేట నుండి నందులపేట దాక అందరికిని తెలిసిపోయినది. తెలిసిన విధము చెప్పదగినది. ఈ కాలమున టిఫిను తిన్నవారు గల్లాపెట్టె వద్ద చిల్లర లెక్కించుట అరుదు. గోడకు అంటించిన గళ్ళ చీటీకి ఫోను చూపి సొమ్ము పంపుదురు. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతి పెసరట్టు దాక దిగివచ్చినది. సొమ్ము పంపునప్పుడు ఎవరికి పంపుచున్నామో ఆ పేరు ఫోనులో కనిపించును. ఒకనాటి ఉదయము అచ్చట వేరొక పేరు కనిపించెను. మొదట చూచినవారు పొరపాటనుకొనిరి. రెండవవారు అడిగిరి. మూడవవారికి అడుగవలసిన పనియే లేకపోయెను.

ఆ హోటలు పేరు చెప్పుట మా ఉద్దేశము కాదు. చెప్పకున్నను తెనాలి శ్రోతలు పోల్చుకొందురు. ఇతర ఊళ్ళవారు తమ ఊరి హోటలును గురించియే చెప్పుచున్నామని అనుకొందురు. రెండును మాకు సమ్మతమే.

అది పెద్ద హోటలు కాదు. ఏడుగురు పనివారు, ఆరు బల్లలు. ఇడ్లీ కలదు, పూరీ కలదు గాని, వాటికై అచ్చటికి వెళ్ళువారు లేరు. పెసరట్టు, ఉప్మా, అల్లపు పచ్చడి; ఈ మూడింటికే ఆ గుమ్మము ముందు మనుషులు నిలుచుండెడివారు. పెసరట్టునకొక చిక్కు కలదు. మినపట్టు పిండివలె అది పులియబెట్టునది కాదు. నానిన పెసలను రుబ్బిన వెంటనే పెనము మీదికి రావలెను. ఆలస్యమైనచో పచ్చివాసనకు పులుపు తోడగును. అందువలన ఆ హోటలులో తెల్లవారుజామున ఒకమారు, ఎనిమిది గంటల వేళ ఒకమారు పిండి రుబ్బెడివారు. మినపపిండివలె రాత్రి రుబ్బియుంచుకొని నిశ్చింతగా నిదురించుటకు వీలులేని వ్యాపారమది. ఒకే పదార్థమునకు పేరుపడిన అంగడికి ఈ బాధ తప్పదు. పది పదార్థములు అమ్మువాడు ఒకటి చెడినను తొమ్మిదింటి చాటున దాగుకొనగలడు. ఒకటే అమ్మువానికి చాటు లేదు.

తెనాలి ప్రజలకు అభిప్రాయము లేని విషయము లేదు. అది నాటకాల ఊరు. 1921లో రామవిలాస సభ వెలసినది మొదలు, ఒకరు కట్టిన వేషము మరొకరు కట్టినచో రాగములో ఎచ్చట తగ్గెనో, పద్యము చివర ఎచ్చట ఊపిరి చాలలేదో చెప్పగలవారు ప్రతి వీథి అరుగు మీదను ఉండెడివారు. ఆ చెవి ఇప్పుడు నాలుకకు వచ్చినది. యజమాని మారిన వారములోనే మేము విన్న మాటలు ఇవి: పెసరట్టు వెడల్పు తగ్గినది, అల్లపు పచ్చడిలో బెల్లము ఎక్కువై అల్లము తక్కువైనది, ఉప్మాలో జీడిపప్పు ఉన్నదో లేదో భూతద్దము పెట్టి చూడవలెను. ఒక వైద్యులు నూనె మారినదనిరి. ఒక విశ్రాంత ఉపాధ్యాయులు అట్టు మడతపెట్టు తీరు మారినదనిరి. ముప్పది యేండ్లుగా ఆ హోటలు ఎదుట పుస్తకముల కొట్టు నడుపుచున్న పెద్దమనిషి, తాను కొత్త యజమాని వచ్చిన తరువాత లోపలికి అడుగే పెట్టలేదని చెప్పి, రుచి మాత్రము నాశనమైనదని నిర్ధారణ చేసిరి.

మేమును అందరివలె తిని, అందరివలె పెదవి విరిచితిమి. ఈ సంగతి దాచుట న్యాయము కాదు. మా నాలుకకు కూడ పచ్చడి పలుచనైనట్లే తోచినది.

తరువాత వంటయింటిలోనికి తొంగిచూచితిమి. పెనము వద్ద నిలుచున్నవాడు పాత మాస్టరే. ఇరువది రెండేండ్లుగా ఆ పెనము మీద అట్లు పోయుచున్నవాడే. పెసలు తెచ్చు కొట్టు అదే. అల్లము తరుగు చేయి అదే. పెసరట్టు పోయు గరిటె కూడ మారలేదు. ఆయన మమ్ము చూచి నవ్వి, మీరును అదే అనుచున్నారా అన్నట్లు తల ఊపెను. మేము తల వంచుకొంటిమి.

ఇచ్చట ఆలోచింపవలసినది కలదు. తినుచున్నవారు అబద్ధమాడలేదు. వారికి నిజముగనే రుచి తగ్గినది. అయితే తగ్గినది పళ్ళెములో కాదు. పాత యజమాని గల్లాపెట్టె వద్ద కూర్చుండి ప్రతివారిని వరుసపెట్టి పిలిచెడివాడు: బాబాయిగారూ, అన్నయ్యా, మాస్టారూ, అల్లుడూ. ఎవరికి ఉల్లిపాయ పనికిరాదో, ఎవరి ఇంట పెండ్లి కుదిరినదో, ఎవరు ఆసుపత్రి నుండి వచ్చిరో ఆయనకు తెలియును. కొత్తవాడు యువకుడు, మర్యాదస్థుడు, అందరిని సమానముగ ‘సార్’ అనుచున్నాడు. అదే ఆయన చేసిన నేరము. బెజవాడలో ఇడ్లీకి పేరుపడిన హోటలునకు బాబాయి హోటలని పేరు నిలిచినది. తినవచ్చినవారు యజమానిని ఆ వరుసతో పిలిచి పిలిచి, పిలుపే బోర్డయినది. ‘సార్’ అను పిలుపునుండి అటువంటి పేరు పుట్టదు గదా.

సొమ్మిచ్చి తినుట ఆంధ్రదేశమున కొత్త కాదు. ఓరుగంటి పూటకూటి ఇంటి ముచ్చట క్రీడాభిరామములోనే కలదు. గురజాడవారి కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మను ఎరుగనివారెవరు? కాని ఆ ఇండ్లకు బోర్డులు లేవు. వండునామె చేయి ఎంతకాలమో ఆ ఇల్లు అంతకాలము. ఆమె తరువాత దానిని కొనుటకు అచ్చట ఏమియు లేదు. వండువాడొకడు, యజమాని యొకడు, పేరు వేరొకటి అయిన పిమ్మటనే హోటలు అమ్ముడుపోవు వస్తువైనది. ఈనాడు ఇటువంటి బేరములో బల్లలకు, గిన్నెలకు వచ్చు ధర స్వల్పము. అసలు ధర గుడ్‌విల్లునకు. అనగా, రేపు ఉదయము కూడ జనులు ఈ గుమ్మమునకే వత్తురను నమ్మకమునకు. 1932 నాటి భాగస్వామ్య చట్టము దీనిని సంస్థ ఆస్తిలో చేర్చి లెక్కించినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 27వ సెక్షనులో, మనిషిని తన వృత్తి చేసికొనకుండ కట్టివేయు ఒప్పందములు చెల్లవని చెప్పుచు, గుడ్‌విల్లు అమ్మినవానికి మాత్రము మినహాయింపు కల్పించినది. అమ్మిన యజమాని ఎదుటి వీథిలో మరల అదే వ్యాపారము పెట్టకుండ, సమంజసమైన మేరలో, ఒప్పందము వ్రాయించుకొనవచ్చును. తెనాలి బేరములోను అట్లు వ్రాసికొనిరని విన్నాము.

ఆ కాగితములో మాస్టరు పేరు లేదు. ఆయన భాగస్వామి కాడు. జనులను ఇరువది రెండేండ్లు ఆ గుమ్మమునకు రప్పించిన చేయి ఆయనది. ఆ రప్పించుటకు కట్టిన ధరలో ఆయనకు ఒక్క రూపాయి రాలేదు. ఇందు ఎవరును మోసము చేయలేదు. పాత యజమాని పెద్ద వయసువాడై, కుమారులు హైదరాబాదులో ఉద్యోగములలో స్థిరపడగా, నడుపలేక అమ్మినాడు. వెళ్ళుచు మాస్టరునకు బట్టలు పెట్టి, ఒక నెల జీతము ఎక్కువ ఇచ్చినాడు. చట్టప్రకారము ఇవ్వవలసినది అదియును లేదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము పదిమందియో, అంతకు మించియో పనివారున్న అంగళ్ళకు వర్తించినది. ఇచ్చట ఏడుగురే.

బాపట్లలో అభిప్రాయములు వేరు తీరున ఉన్నవి. 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరది. తరువాత ఇతర కళాశాలలును వచ్చినవి. అచ్చట టిఫిను హోటళ్ళ న్యాయాధిపతులు విద్యార్థులు. విద్యార్థికి ‘ఎప్పటినుండియో’ అనగా నాలుగేండ్లు. ఒక సాయంకాలపు బజ్జీల అంగడిని గురించి విచారింపగా, అది మొదటినుండి ఇట్లే ఉన్నదని, మార్పేమియు లేదని ఒక బృందము ఏకకంఠముగ చెప్పినది. విచారింపగా అది ఇంతకు మునుపే మూడు చేతులు మారినది. వారికి పాత యజమాని అనగా రెండవవాడో మూడవవాడో. పూర్వ విద్యార్థులు సమావేశములకు వచ్చినప్పుడు మాత్రము చిక్కు వచ్చును. తలలు నెరసినవారు కార్లు దిగి, పాత బజ్జీ ఏదని వెదకుదురు. కొత్తవాడు వేడివేడిగ వేసి పెట్టును. వారు తిని, అప్పటి రుచి లేదని నిట్టూర్చి, మరి రెండు ప్లేట్లు తెప్పించుకొందురు. అప్పటి రుచిలో ఇరువదేండ్ల వయసు ఎంత, శనగపిండి ఎంత అని విడదీయగల ప్రయోగశాల ఏ కళాశాలలోను లేదు.

బాపట్ల నుండి మరల తెనాలి వచ్చి రేపల్లె బండి ఎక్కితిమి. ఈ తెనాలి-రేపల్లె మార్గము 1916లో ఏర్పడినది. రేపల్లెతో పట్టాలు ముగియును. అదే 1916లో, అమెరికాలో న్యూయార్కు నగరపు సముద్రతీరమున, కోనీ ఐలండు అనుచోట, పోలెండు దేశమునుండి వలసవచ్చిన నేథన్ హాండ్‌వెర్కర్ అను నాతడు ఒక చిన్న అంగడి తెరచినాడు. అదియును రైలు ముగియు చోటే. ఆతడమ్మినది హాట్‌డాగ్. అనగా పొడవైన రొట్టెను నిలువున చీల్చి, నడుమ సాసేజి నుంచి, ఆవముద్ద పూసి చేతికిచ్చునది. చీల్చి, లోపల కూరి, నిలువుకాళ్ళ మీద తినిపించు విద్య మన మిరపకాయ బజ్జీవారికి క్రొత్తగాదు. నేథన్ అంతకుముందు పనిచేసినది అచ్చటనే ఫెల్ట్‌మన్ అనువారి పెద్ద భోజనశాలలో. అచ్చట పది సెంట్లకు అమ్మునది ఈతడు ఐదు సెంట్లకే అమ్మినాడు. పనివాడు బయటికి వచ్చి ఎదురుగ పొయ్యి పెట్టిన కథ ఇది. ఫెల్ట్‌మన్ వారి శాల 1954లో మూతపడినది. నేథన్ కుటుంబము తమ సంస్థను 1987లో ఇతరులకు అమ్మివేసినది. యజమానులు మారినను నేథన్ పేరు నిలిచినది, పొయ్యి ఆరలేదు.

మన దేశమున ఇట్టివి లేకపోలేదు. బెంగుళూరున 1924లో ఉడుపి ప్రాంతపు సోదరులు స్థాపించిన ఎం.టి.ఆర్. సంస్థలో, పొడులు, పొట్లములు అమ్ము వ్యాపారము 2007లో నార్వే దేశపు ఓర్క్లా కంపెనీకి పోయినది. టిఫిను గదులు మాత్రము కుటుంబము వద్దనే నిలిచినవి. పొట్లము కట్టగలిగినదానిని అమ్మి, పొయ్యి మీదిది దగ్గర ఉంచుకొనిరి. సికింద్రాబాదులో 1953 నుండి ఉన్న పారడైజ్ హోటలులో ఎక్కువ వాటా 2014లో ఒక పెట్టుబడి సంస్థ తీసికొన్నది. ఆనాటినుండి ఈనాటివరకు హైదరాబాదు వారిలో సగము మంది బిరియాని చెడినదని, తక్కినవారు అంతకు ముందే చెడినదని చెప్పుచునే ఉన్నారు.

మాకు వీటన్నిటికంటె కాఫీ హౌసుల కథ ముఖ్యముగ తోచును. కాఫీ బోర్డు నడుపుచుండిన కాఫీ హౌసులను 1957 ప్రాంతమున మూసివేయబోగా, ఎ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహముతో పనివారు సహకార సంఘములుగ ఏర్పడి వాటిని తామే చేపట్టిరి. తలపాగా పెట్టి కాఫీ అందించినవాడే యజమాని అయినాడు. యజమాని మారినపుడు పెనము వద్ద నిలుచున్నవాని పేరు కాగితము మీదికి ఎక్కుట సాధ్యమే అని ఆ ఒక్కటి చూపినది. అది పెద్ద సంస్థ, పెద్ద నాయకుడు. ఏడుగురు పనివారున్న పెసరట్ల హోటలు కొరకు ఎవరు వత్తురు?

ఇక ఊరి పేరును అంటిపెట్టుకొన్న రుచుల సంగతి వేరు. బందరు లడ్డునకు 2017లోను, ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పేరు ఏ ఒక్క యజమానిదియు కాదు, ఊరిది. దానిని అమ్ముటకు వీలు లేదు. గుంటూరు జిల్లా చినపరిమి నుండి 1891లో కాకినాడ వెళ్ళి కోటయ్యగారు కాజా వేయగా, ఈనాడది కాకినాడ కాజాయే గాని చినపరిమి కాజా కాదు. చేయి మనది, పేరు వారిది. తెనాలి నల్లబెల్లపు జిలేబీ ఎవరి కొట్టులో కొన్నను తెనాలి జిలేబీయే. పెసరట్టునకు అట్టి అండ లేదు. అది అన్ని ఊళ్ళలోను ఉన్నది.

రేపల్లెలో జనులు రుచిని గురించి ఎక్కువ మాటలాడలేదు. 2022 ఏప్రిలులో బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరి, డివిజను కేంద్రమైన తరువాత, కాగితముల పని మీద పల్లెలనుండి వచ్చువారు పెరిగిరి. స్టేషను దాపుననున్న ఒక ఇడ్లీ హోటలు యజమాని మారిన సంగతిని అడుగగా, వారికి కావలసినది ఒక్కటే: తెల్లవారి బండికి ముందు పొయ్యి వెలుగునా లేదా? పాతవాడు నాలుగున్నరకే తలుపు తీసెడివాడు. కొత్తవాడు ఆరింటికి తీయుచున్నాడు. చేపల గంపలతో బండి ఎక్కవలసిన స్త్రీలు ఖాళీ కడుపుతో వెళ్ళుచున్నారు. తెనాలిలో మేము విన్న నూరు విమర్శలకంటె ఈ గంటన్నర లోటు బరువైనది. అందులో ఒకామె, ఇడ్లీ ఎట్లున్నను సరే, పొయ్యి ముట్టించమని మీ రేడియోలో చెప్పండయ్యా అనినది. చెప్పుచున్నాము.

ఆ వీథి చివరనే ఒక బండి మీద పొయ్యి వెలుగుచుండెను. పెనము ముందున్నవాడు తెనాలి మాస్టరు! ఆయన స్వగ్రామము రేపల్లె దాపుననే అట. కొత్త యజమాని వెళ్ళగొట్టలేదు. ఎనిమిది గంటలకు రెండవమారు పిండి రుబ్బుట దండుగని, ఒక్కమారే రుబ్బి మంచుపెట్టెలో పెట్టుదమని మాత్రము అన్నాడట. కరెంటు, పెసలు, కూలి లెక్క వేసి చూపినాడట. లెక్క సరిగనే ఉన్నదని మాస్టరే ఒప్పుకొనెను. ఒప్పుకొని, నాలుగవ నెలలో వచ్చివేసెను. ఆయన వచ్చిన తరువాత తెనాలిలో మరల విచారించితిమి. పుస్తకముల కొట్టు పెద్దమనిషి ఇప్పుడు ప్రతిదినము అచ్చటనే తినుచున్నారు. హోటలు మరల దారికి వచ్చినదని ఊరివారి మాట. యువకుడు కూడ ఇప్పుడు అల్లుడూ, బాబాయిగారూ అనుట నేర్చినాడు.

ఈ సంగతి మాస్టరునకు చెప్పవలెనా వద్దా అని మేము తడబడితిమి. చెప్పితిమి. ఆయన పెనము మీద నీళ్ళు చిలకరించి, చుయ్యిమన్న చప్పుడు ఆగువరకు ఊరకుండెను. అబ్బాయి మంచివాడే, నిలదొక్కుకొనుననెను. మా ముందు ఆకు పరచి అట్టు వేసెను. మేమడుగలేదు గాని, ఉల్లిపాయ వేయలేదు. పక్కవారికి వేసినాడు. తెనాలిలో మాకు ఉల్లిపాయ పనికిరాదని ఎరిగినది గల్లాపెట్టె వద్ద కూర్చుండిన యజమాని ఒక్కడే అని మేమిన్నాళ్ళును అనుకొంటిమి.

బండికి బోర్డు లేదు. సొమ్ము పంపుటకు ఫోను తీసి గళ్ళ చీటీకి చూపగా, తెర మీద ఒక స్త్రీ పేరు వచ్చినది. ఆయన కోడలు పేరట. ఇరువది రెండేండ్లు చేతి మీద తిన్నను, మాస్టరు అసలు పేరేమో అప్పటికిని మేమడుగలేదని ఆ క్షణమున గుర్తునకు వచ్చినది.